పదహారు సెకన్ల సంబరం

మావాడు కారు కొన్నాడని కోడలు ఫోన్లో చెబితే సంతోషించాం. "టాపు లేని కారు అత్తయ్యా" అని కూడా చెప్పింది. మా ఆవిడ కాసేపు ఆలోచించి "టాపు లేదని ఏమన్న తక్కువకిచ్చిండ్రా?" అని అడిగింది.

నిజంగానే తక్కువకిచ్చారు. గొడవంతా అక్కడే మొదలైంది.

2024 అక్టోబరులో మేమిద్దరం అమెరికాలోని ఫ్రీమాంట్‌లో దిగేసరికి ఆ కారు ఇంటి ముందు ఉంది. వెండి రంగు బెంజి, ఎస్‌ఎల్ 500, 2004 మోడల్. రెండే తలుపులు, రెండే సీట్లు. మీట నొక్కి పట్టుకుంటే డిక్కీ వెనక్కి తెరుచుకుంటుంది, నెత్తిమీది టాపు మధ్యకు మడతపడి అందులోకి పోయి పడుకుంటుంది. పదహారు సెకన్లలో కారు కాస్తా రథమైపోతుంది. కొత్తలో అక్కడ దాని ఖరీదు 85 వేల డాలర్ల పైమాటే. మావాడు కొన్నది పదమూడున్నర వేలకు. మన లెక్కలో పదకొండు లక్షల పైచిలుకు. నేను రిటైరైనప్పుడు చేతికొచ్చిన గ్రాట్యుటీ కంటే ఎక్కువే అనుకోండి!

మా ఆవిడ కారు చుట్టూ ఓ ప్రదక్షిణ చేసి, లోపలికి తొంగిచూసి "ఇన్ని పైసలు పోసి రెండు సీట్లా? మన దగ్గర ఆటోల ఆరుగురు పడ్తరు" అంది.

మేం వెళ్లింది కోడలి పురిటికి. ముందు వియ్యపురాలు రావాలి, తర్వాత మేం. ఆమెకు వీసా ఆలస్యం కావడంతో మా వంతు ముందొచ్చింది. రెండో రోజు వంటింట్లో కోడలు నాతో మెల్లగా అంది. "మామయ్యా, మీరు బండ్ల గురించి తెలిసినవాళ్లు. మీరు చెప్తే వింటడు. దాన్ని అమ్మేయమనండి. రేపు అందులో ఏదన్నా పోతే వేలకు వేలంట. ఇటు డెలివరీ ఖర్చులు, అటు ఇది."

నేను నిజామాబాద్ ఆర్టీసీ డిపో గ్యారేజీలో ముప్ఫై రెండేళ్లు బస్సుల కింద గడిపి 2012లో రిటైరైనవాణ్ని. పాత బండిని వదిలించుకొమ్మని చెప్పడం నాకో పెద్ద పనా? సరేనమ్మా అన్నాను.

అయితే మావాడు నాకంటే ముందున్నాడు. "నాన్నా, శనివారం మనిద్దరం బిగ్ సర్ పోదాం. సముద్రం పక్కనే రోడ్డు. అక్కడ నడిపినంక చెప్పు" అన్నాడు. ఎవరు చెప్పారో, ఎందుకు చెప్పారో వాడికి తెలిసిపోయినట్టే ఉంది. నేనో షరతు పెట్టాను. నూటయాభై మైళ్లు పోవాలంటే ముందు మెకానిక్కుకు చూపించాలి.

చాచా, వేళ్లు!

ఫ్రీమాంట్‌లో ఆఫ్ఘన్లు చాలామంది. వాళ్ల దుకాణాలున్న పేటను లిటిల్ కాబూల్ అనే పిలుస్తారు. మావాడు తీసుకెళ్లిన షెడ్డు యజమానీ ఆఫ్ఘనే. చిన్నప్పుడు పెషావర్‌లో ఉన్నాడట, ఉర్దూ బాగా వచ్చు. నిజామాబాద్‌లో పనిచేసినవాడికి ఉర్దూ రాకుండా ఉంటుందా! నేను ఉస్తాద్ అన్నాను, ఆయన చాచా అన్నాడు. అమెరికాలో దిగాక నేను ఇంట్లోవాళ్లతో కాకుండా కడుపునిండా మాట్లాడింది ఆయనతోనే.

అంతకుముందే పొద్దున్న నా పద్ధతిలో నేను చూశాను. రాత్రంతా నిలబడ్డ బండిని స్టార్టు చేయకముందు ఒక్కో చక్రానికీ పైన మడ్‌గార్డుకూ మధ్య వేళ్లు పెట్టి చూశా. మూడు చక్రాల దగ్గర నాలుగు వేళ్లు పట్టాయి. ఎడమవైపు ముందు చక్రం దగ్గర మూడే. ఈ మాట చెబితే ఉస్తాద్ నవ్వి "రెండొందల డాలర్లకు నేను చేసే పరీక్షలో సగం చాచా చేసేశాడు" అన్నాడు.

విషయమేమిటంటే, మన బస్సుకు కమాను కట్టలుంటాయి. పట్టీ విరిగితే పట్టీ మారుస్తాం, అంతే. ఈ కారులో ఒక్కో చక్రం దగ్గర ఇనుప స్ప్రింగుతోపాటు ఆయిలుతో పనిచేసే జాకీ లాంటిది ఉంటుంది. ఇంజను తిప్పే పంపు దానికి దాదాపు రెండొందల బార్ల ఒత్తిడితో ఆయిలు పంపుతుంది. బస్సు ఎయిర్ బ్రేకుల్లో ఉండే గాలి ఒత్తిడి ఎనిమిది బార్లు. తేడా చూడండి! మలుపులో కారు ఏ పక్కకు వాలబోతే ఆ పక్క జాకీని కంప్యూటరు క్షణంలో పైకెత్తుతుంది. దాన్ని ఏబీసీ అంటారు. ఇదున్న కార్లకు మామూలు కార్లకుండే యాంటీ రోల్ బారే ఉండదు.

ఆ ఆయిలు పచ్చగా ఉండాలి. ఉస్తాద్ మూత తీసి పుల్ల ముంచి చూపిస్తే కాఫీ డికాక్షన్‌లా ఉంది. ముందు వాడినవాళ్లు ఇరవై ఏళ్లలో ఒక్కసారైనా మార్చినట్టు లేదు. మురికి చేరితే వాల్వుల్లోని రబ్బరు రింగులు అరిగి రాత్రికి రాత్రి ఒక మూల దిగిపోతుంది. ఆయిలు పోటును మెత్తబరచడానికి నైట్రోజన్ నింపిన గుండ్లుంటాయి. వాటిలో రబ్బరు పొర చిరిగితే పంపు కొట్టే ప్రతి దెబ్బా నేరుగా హోస్ పైపులకు తగులుతుంది. పైపు పగిలితే ఆయిలు రోడ్డుపాలు. ఎర్ర లైటు వెలిగినా ఆపకుండా ఇంకో రెండు మైళ్లు పోయారనుకోండి, ఆయిలు లేక పంపూ పోతుంది. నూట యాభై డాలర్ల గుండు సకాలంలో మార్చనందుకు రెండు వేల డాలర్ల పంపు!

నేను ఊరుకోకుండా, చక్రం విప్పి ఉంది కదా అని బ్రేకు ప్యాడ్ల మందం చూద్దామని వేలు పెట్టబోయాను. అదే సమయంలో మావాడు ఫోను కోసం కారు తలుపు మీద చెయ్యి వేశాడు. "చాచా, వేళ్లు!" అని ఉస్తాద్ అరిచిన అరుపుకు షెడ్డంతా ఇటు తిరిగింది. తర్వాత చెప్పాడు. ఈ బండికి బ్రేకు పెడల్‌తో మామూలుగా పని లేదట. పెడల్ ఎంత తొక్కామో చూసి కంప్యూటరే ఆయిలును తోస్తుంది. తాళం తీసినా, తలుపు తెరిచినా బ్రేకులు తమంతట తాము ఒకసారి బిగుసుకుంటాయి. వేలు మధ్యలో ఉంటే ఇక వేలు ఉండదు. అందుకే కంప్యూటరు పెట్టి నిద్రపుచ్చాకే ప్యాడ్లు ముట్టుకుంటారు. ముప్ఫై రెండేళ్ల సర్వీసులో పోని వేలు అమెరికాలో పోయేది!

ఈ బ్రేకులకు సంబంధించే 2004లో కంపెనీ ప్రపంచమంతటా ఆరు లక్షల ఎనభై వేల కార్లను వెనక్కి పిలిపించి సరిచేసింది. తర్వాత అమెరికాలో ఆ యూనిట్‌కు వారంటీ కూడా చాలా ఏళ్లకు పొడిగించింది. మావాడి బండి నంబరు కొట్టి చూసి, అది పోతే ఖర్చు మీది కాదన్నాడు ఉస్తాద్. ఇంజను మీద మాత్రం ఆయనకు గొప్ప గౌరవం. ఎనిమిది సిలిండర్లు, సిలిండరుకు రెండేసి లెక్కన పదహారు స్పార్కు ప్లగ్గులు. "ఆయిలు పోస్తూ ఉంటే మనవళ్లదాకా వస్తుంది. దాని చుట్టూ ఉన్నవే రావు" అన్నాడు.

ఇక ఆ మడతపడే టాపు. దాన్ని లేపడానికి, మడవడానికి, డిక్కీని తిప్పడానికి వేలెడంత లావు హైడ్రాలిక్ సిలిండర్లు బోలెడు. ఎండకు వాటి సీళ్లు గట్టిబడి ఆయిలు కారుతుంది. మావాడి కారులో రెండు చెమర్చాయి. కొత్తవి కొంటే ఒక్కొక్కటి వందల్లో. విప్పి పంపితే సీళ్లు మార్చిచ్చేవాళ్లున్నారు, వందకు అటూ ఇటూ. కానీ విప్పి బిగించే కూలీ? ఉస్తాద్ దగ్గర గంటకు నూట ఎనభై డాలర్లు. ఈ మాట విన్నాక ఆ షెడ్డులో గోడ గడియారం వంక చూడటానికే భయమేసింది. డిక్కీలో వెనక లైట్ల రబ్బరుల గుండా నీరు దిగుతుందేమో చూసుకోమన్నాడు. ఒక బ్యాటరీ, కరెంటు సరంజామా అక్కడే ఉంటాయి. ఒక బ్యాటరీ ఏమిటంటే, ఈ మహారాజుకు రెండు బ్యాటరీలు. ఇంజను తిప్పడానికి ముందొకటి, మిగతా భోగాలకు వెనకొకటి.

లెక్క నా చిన్న పుస్తకంలో రాసుకున్నాను. ఎడమ ముందు జాకీ బాగుచేసి బిగించడానికి పద్నాలుగు వందలు. గుండ్లు, ఫిల్టరు, ఆయిలు తొమ్మిది వందలు. టాపు సిలిండర్లు పద్దెనిమిది వందలు. రెండు బ్యాటరీలు నాలుగు వందల యాభై. మొత్తం 4,550 డాలర్లు. కారు కొన్నదాంట్లో మూడో వంతు! ఇదీ పంపు పోకుండా ఉంటేనే.

ఎనభై అయిదు వేల కారు పదమూడు వేలకు దిగొస్తుంది. దాని పైపులు, పంపులు మాత్రం ఎనభై అయిదు వేల కారు పైపులు, పంపులుగానే ఉండిపోతాయి. షెడ్డు నుంచి వచ్చేటప్పుడు మావాడితో ఈ మాటే అన్నాను. వాడు విననట్టు నటించాడు. ఉస్తాద్ మాత్రం "బిగ్ సర్ దాకా పోయిరండి, ఎర్ర లైటు వెలిగితే అక్కడే ఆపేయండి" అని పంపాడు.

ఆవకాయ నూనె

శనివారం పొద్దున్నే బయల్దేరాం. మా ఆవిడ పులిహోర, పెరుగన్నం, నీళ్లు, దుప్పటి, మాంటెరేలో ఉంటున్న తన చెల్లెలి కూతురికి ఇవ్వమని నిజామాబాద్ నుంచి మోసుకొచ్చిన ఆవకాయ డబ్బా... అన్నీ డిక్కీలో కుక్కింది. హేవర్డ్ దగ్గర శాన్ మాటియో వంతెన ఎక్కితే ఏడు మైళ్లు నీళ్ల మీదే ప్రయాణం. కొండ దిగితే హాఫ్ మూన్ బే. అక్టోబరు కదా, పొలాల నిండా గుమ్మడికాయలు. ఎండాకాలంలో ఈ తీరాన్ని పొగమంచు కప్పేస్తుంది, చూడాలంటే ఈ నెలే మంచిది. ఆ రోజు ఆకాశం కడిగినట్టుంది.

సముద్రం కనబడగానే బండి పక్కకు ఆపి మావాడు మీట నొక్కాడు. టాపు కదల్లేదు. మళ్లీ నొక్కాడు. టక్కుమంది, అంతే. దిగి డిక్కీ తెరిచాడు. అడుగున కార్పెట్ మీద అరచేయంత నూనె మరక! వాడి ముఖంలో నెత్తురు చుక్క లేదు. "అయిపాయె నాన్నా. సిలిండరు పోయింది. పద్దెనిమిది వందలు" అన్నాడు.

నిజం చెబుతున్నా, నాకు ఒక క్షణం సంతోషమే వేసింది. నేను అమ్మమని చెప్పనక్కరలేకుండా బండే చెప్పేసిందనుకున్నా. అలవాటు కొద్దీ మరకను వేలితో తీసి వాసన చూశాను. ఆవపిండి! ముక్కుకు ఘాటుగా తగిలింది. డబ్బా మూత వదులై ఆవకాయ నూనె కారింది. మరి టాపు? ఈ కారు డిక్కీలో సామాను మీద లాగి తగిలించే తెర ఒకటుంటుంది. అది సరిగ్గా కొక్కేనికి పడకపోతే, మడతపడే టాపు సామాను మీద పడుతుందని బండి కదలనివ్వదు. డబ్బా ఎత్తుకు ఆ తెర పైకి లేచి ఉంది. ఆ తెర సంగతి తెలియక షెడ్డుకు పరిగెత్తేవాళ్లు చాలామందేనని ఉస్తాద్ తర్వాత చెప్పాడు.

డబ్బాకు మూత బిగించి, తువ్వాలు చుట్టి, నా కాళ్ల మధ్య పెట్టుకున్నాను. తెర తగిలించాం. పదహారు సెకన్లు. నెత్తిమీద ఆకాశం.

అక్కణ్నుంచి దక్షిణంగా ఒకటో నంబరు హైవే. కుడిపక్క పసిఫిక్ మహాసముద్రం, ఎడమపక్క ఎండిన గడ్డి కొండలు. పిజన్ పాయింట్ దగ్గర దీపస్తంభం చూడ్డానికి ఆగాం. 1853లో క్యారియర్ పిజన్ అనే ఓడ ఇక్కడి రాళ్లకు కొట్టుకుని పగిలిపోయింది. ఈ చోటుకు ఆ ఓడ పేరే మిగిలింది. 1872లో వెలిగించిన ఈ స్తంభం ఎత్తు 115 అడుగులు. 2001లో పై అంచు నుంచి పెద్ద ముక్క ఊడిపడితే, అప్పట్నుంచి లోపలికి ఎక్కనివ్వడం ఆపేశారు. దాని పాత అద్దాల దీపాన్ని కిందికి దించి పక్కనున్న గదిలో పెట్టారు. వెయ్యికి పైగా గాజు ముక్కలు పేర్చిన ఆ దీపం ముందు నేను అరగంట నిలబడిపోతే మావాడే వచ్చి పిలవాల్సి వచ్చింది.

శాంతాక్రజ్ దాటాక వాట్సన్‌విల్‌లో స్ట్రాబెర్రీ పొలాలు, క్యాస్ట్రోవిల్‌లో ఆర్టిచోక్ తోటలు. మొగలిపొత్తుకూ తామరమొగ్గకూ మధ్యరకంగా ఉంటుంది ఆ కూర. కార్మెల్‌లో పెట్రోలు పోయించాం. ఈ కారుకు ఖరీదైన ప్రీమియం పెట్రోలే పోయాలి. పాత బుద్ధి ఎక్కడికి పోతుంది! గాలన్లను లీటర్లు చేసి, మైళ్లను కిలోమీటర్లు చేసి కేఎంపీఎల్ కట్టాను. లీటరుకు ఎనిమిది. మా డిపోలో యాభై మందికి పైగా మోసే బస్సు అయిదు ఇచ్చేది, అంతకు తగ్గితే డ్రైవరుకు మెమో.

కొండ జారిన చోట

కార్మెల్ దాటితే రోడ్డు స్వభావమే మారిపోతుంది. కొండను గోరుతో గీసినట్టు ఒక గీత, కింద నిలువునా సముద్రం. కార్మెల్ నుంచి శాన్ సిమియన్ దాకా ఈ దారి 1937లో తెరిచారు. కొంత పని జైలు ఖైదీలతో చేయించారు. తెరిచింది మొదలు కొండ జారుతూనే ఉంది, వాళ్లు సరిచేస్తూనే ఉన్నారు. 2017 మే నెలలో మడ్ క్రీక్ దగ్గర కొండ మొత్తం రోడ్డును తోసుకుంటూ సముద్రంలోకి దిగింది. దాని మీదుగా కొత్త రోడ్డు వేసి 2018 జులైలో తెరవడానికి అయిన ఖర్చు 5 కోట్ల 40 లక్షల డాలర్లు. మేం వెళ్లిన ఏడాదే మార్చిలో రాకీ క్రీక్ దగ్గర సముద్రం వైపు లేను విరిగిపడింది. మేం వెళ్లేసరికి సిగ్నలు పెట్టి, ఒకసారి అటువైపు, ఒకసారి ఇటువైపు వదులుతున్నారు. ఇంకా దక్షిణాన మరోచోట కొండ జారి అప్పటికి దారే మూసి ఉంది.

ఆ సిగ్నలు దగ్గర ఆగినప్పుడు ఇక మొదలుపెట్టాను. "ఎందుకురా ఇది? పిల్లనో పిల్లగాడో వస్తున్నరు. ఆమె భయపడుతున్నది."

మావాడు ముందుకే చూస్తూ అన్నాడు. "చిన్నప్పుడు నీకు టిఫిన్ ఇయ్యనీకి డిపోకు వచ్చేటోణ్ని కదా. నేను వచ్చినప్పుడల్లా అన్నీ విప్పేసిన బస్సులే. బాగైన బండి బయటికి పోతుంటే ఒక్కసారి కూడా చూడలె."

నాకు జవాబు తోచలేదు. నిజమే, బాగైన బండి గ్యారేజీలో ఎందుకుంటుంది? దాన్ని డ్రైవరు తోలుకుపోతాడు, మన ముందు ఇంకో పాడైనది నిలబడుతుంది. నేనూ ఎన్నడూ నా చేత్తో బాగుచేసిన బస్సులో కిటికీ పక్కన కూర్చుని నిర్మల్ ఘాట్ దాకా పోయిరాలేదు.

పచ్చ లైటు పడింది. ఆ తర్వాత మలుపులు మొదలయ్యాయి. నేను ఆ ఏబీసీ సంగతి అప్పటిదాకా వినడమే. నలభై మైళ్ల వేగంతో తిరిగినా కారు ఒక పక్కకు ఒరగదు, బల్ల మీద పెట్టిన గిన్నెలా నిలబడి తిరుగుతుంది. కాళ్ల మధ్య ఆవకాయ డబ్బా పట్టుకుందామని వంగి, అవసరం లేదని వదిలేశాను. డికాక్షన్ లాంటి ఆయిలుతోనే ఇలా ఉంటే... అనుకున్నానో లేదో, ఎదురుగా బిక్స్‌బీ వంతెన.

714 అడుగుల పొడవు, లోయ నుంచి 260 అడుగుల పైన, ఒకే ఒక కాంక్రీటు కమాను. 1932లో రెండు లక్షల డాలర్లలోపే కట్టారట. కిందికి చూస్తే అలల నురుగు తప్ప చప్పుడు వినబడదు. పులిహోర అక్కడ ఒక రాయి మీద కూర్చుని తిన్నాం. పక్కనే ఫొటోలు తీసుకుంటున్న ఒక ముసలి జంట మా కారు చూసి, కొత్తగా వచ్చినప్పుడు దాన్ని షోరూం అద్దంలో చూశామని, ఇంకా ఇలాగే ఉందే అని మెచ్చుకుని వెళ్లారు. ఎడమ ముందు చక్రం వాళ్లకు కనబడలేదు.

తిరుగు ప్రయాణంలో మాంటెరేలో ఆవకాయ ఇచ్చి, చీకటి పడ్డాక ఇల్లు చేరాం. ఎర్ర లైటు వెలగలేదు. దారిలో ఒక ఒప్పందానికి వచ్చాం. నా పుస్తకంలో ఉన్న పనులు ఒకేసారి కాదు, ముందు ఆయిలు, గుండ్లు, ఎడమ జాకీ. టాపు సిలిండర్లు వచ్చే ఏడు. మొత్తం అయిదు వేలు దాటకూడదు. పంపు పోయిన రోజున మారుమాట లేకుండా అమ్మేయాలి. వాడి చేత రాయించి సంతకం కూడా పెట్టించాను. అదిప్పుడు వాళ్ల ఫ్రిజ్ మీద అతికించి ఉంది.

ఇండియాకు పంపి మనూళ్లో తిప్పుకోవచ్చు కదా అని మా తమ్ముడు ఫోన్లో సలహా ఇచ్చాడు. మూడేళ్లు దాటిన పాత కారును, అందులోనూ ఎడమవైపు స్టీరింగు ఉన్నదాన్ని మన దేశంలోకి రానివ్వరు.

రాత్రి భోజనాల దగ్గర కోడలు నన్ను కళ్లతోనే అడిగింది. "ముందు ఆయిలు మార్చాలమ్మా. ఈ ఆయిలుతో అమ్మితే ధర రాదు" అన్నాను. ఆమె నన్నూ, మావాణ్నీ మార్చి మార్చి చూసి, ఫ్రిజ్ మీద కాగితం చదివి, కింద తానూ సంతకం చేసింది. మా ఆవిడ మాత్రం నా చొక్కా మీది ఆవకాయ మరక గురించే అడిగింది.

షెడ్డులో అయితే కంప్యూటరు పెట్టి కారును పైకీ కిందికీ ఎగరేస్తూ ఆయిలు మారుస్తారు. దానికి రోడియో అని పేరు. గంటకు నూట ఎనభై గుర్తొచ్చి, ఆ పని మేమే మెల్లగా చేశాం. ట్యాంకులోంచి పాతది పెద్ద సిరంజితో లాగడం, కొత్తది పోయడం, కాసేపు ఇంజను నడపడం, మళ్లీ లాగడం. లీటరు పాతిక డాలర్లు. ఆదివారం నాలుగు లీటర్లు, సోమవారం సాయంత్రం మూడు, బుధవారం ఇంకో నాలుగు. మొదటి రోజు కారింది డికాక్షన్. రెండో రోజు చెరకు పానకం. మూడో రోజుకు పచ్చదనం తిరిగింది.

గురువారం పొద్దున అందరూ లేవకముందే బయటికెళ్లి, ఎడమ ముందు చక్రం దగ్గర వేళ్లు పెట్టి చూశాను. మూడున్నర.